ఒంగోలు గిత్తకు కొవ్వు పట్టిందా? పోటీకి ముందు ఒళ్లు ఎలా తగ్గించాలి

సంక్రాంతి పశు ప్రదర్శన పోటీలకు ఇంకా మూడు నెలలుందనగానే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మా నాలుగు పళ్ల గిత్త బాగా ఒళ్లు చేసింది. నాలుగడుగులు వేయగానే రొప్పుతోంది. ఏం చేయాలి?" అని కొందరు (గిత్త వయసును పాల పళ్లు రాలి వచ్చిన పళ్ల లెక్కతో చెబుతాం). "ఒళ్లు తగ్గిస్తే ప్రైజు పోదా?" అని ఇంకొందరు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. ఒంగోలు జాతి గిత్తలో చూడాల్సినవి వెడల్పాటి నుదురు, పొట్టి కొమ్ములు, కాటుక పెట్టినట్టుండే కళ్లు, నిటారుగా నిలబడే మూపురం, మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, తిన్నని వెన్ను, సరైన కాళ్లు, నడక. వీటిలో ఒక్కటి కూడా కొవ్వుతో రాదు. పైగా కొవ్వు ఎక్కువైతే మూపురం ఒక పక్కకు ఒరుగుతుంది, గంగడోలు మొదలు దిమ్మలా బిగుసుకుంటుంది, నడక చెడుతుంది. కొవ్వు పట్టిన పశువుకు ప్రైజులు రావడం నేనూ చూశాను. అది చూసేవాళ్ల కంటికి పట్టిన అలవాటు. ఇంగ్లండులో పొట్టి గుర్రాల ప్రదర్శనల్లోనూ ఇదే గొడవ ఉంది. అక్కడ ఒళ్లు చేసిన గుర్రానికి గిట్టల లోపల వాపు వచ్చి నిలబడలేని స్థితి వస్తుంది. మన గిత్తకూ దాణా ఎక్కువైతే అదే జబ్బు వస్తుంది.

ఇది నా కొట్టంలోనే జరిగింది. ఆరు పళ్ల గిత్తకు రోజుకు తొమ్మిది కిలోల దాణా, పైన గుడ్లు, బెల్లం పెట్టాం. వచ్చినవాళ్లంతా చేయి వేసి మెచ్చుకుంటుంటే సంబరపడ్డాం. పోటీ రోజు అది బరిలో నిలబడలేక ముందుకాళ్లు చాపి కూర్చుండిపోయింది. గిట్టలు పట్టుకుంటే సెగ కొడుతున్నాయి. మళ్లీ మామూలుగా నడవడానికి నాలుగు నెలలు పట్టింది. దాని కళ్లలో ఆ రోజు చూసిన బాధ నాకు ఇప్పటికీ గుర్తే.

కావలసినవి

- కొలత టేపు. టైలర్ టేపు 60 అంగుళాలే ఉంటుంది, పెద్ద గిత్త ఛాతీకి చాలదు. నూలు తాడుతో కొలిచి, ఆ తాడును ఇనుప టేపు మీద పరిచి చూసుకోండి.
- మేత, దాణా తూచడానికి వేలాడదీసే కాటా
- ఒక నోట్‌బుక్, ఫోన్‌లో కెమెరా
- కనీసం 90 రోజుల సమయం. 30 రోజుల్లో తగ్గించాలనుకుంటే ఈ పని మొదలుపెట్టకండి, ఈ ఏడాది పోటీ వదిలేయండి.
- పశువుల డాక్టరుతో ఒకసారి పరీక్ష. కుంటుతున్నా, గిట్టలు వేడిగా ఉన్నా, విశ్రాంతిలో కూడా రొప్పుతున్నా ముందు వైద్యం, తర్వాతే ఈ పద్ధతి. మీ రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

1. కంటితో కాదు, చేత్తో చూడండి

తెల్లటి గిత్త ఎండలో నిగనిగలాడుతుంటే కన్ను మోసపోతుంది. అందుకే తడమాలి. ముందు మీ చేతి మీదే ఒక చిన్న పరీక్ష చేయండి. పిడికిలి బిగించి కణుపుల మీద రెండో చేతి వేళ్లు జరపండి. గిత్త పక్కటెముకలు అలా తగిలితే అది బక్కగా ఉన్నట్టు. ఇప్పుడు చేయి చాపి వెనక వైపు తడమండి. ఎముక తెలుస్తుంది కానీ పొడుచుకురాదు. గిత్త అలా ఉండాలి. ఇక అరచేతిలో బొటనవేలి కింద ఉన్న మెత్తటి దిమ్మను నొక్కండి. పక్కటెముకల మీద అలా తగిలితే అది కొవ్వు.

తడమాల్సిన చోట్లు ఐదు: పక్కటెముకలు, నడుము, తుంటి ఎముకలు, తోక మొదలు, ముందుకాళ్ల మధ్య రొమ్ము. ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేయండి.

1: ఎముకలన్నీ దూరం నుంచే లెక్కపెట్టవచ్చు.
2: పక్కటెముకలు స్పష్టంగా కనబడతాయి, తుంటి ఎముకలు పొడుచుకొస్తాయి.
3: పక్కటెముకలు కనబడవు, కొద్దిగా నొక్కితే తెలుస్తాయి. తోక మొదలు చుట్టూ గుంట నిండి ఉంటుంది, ఉబ్బి ఉండదు.
4: గట్టిగా నొక్కితేనే ఎముక తగులుతుంది. తోకకు రెండు పక్కలా మెత్తటి దిమ్మలు ఉంటాయి.
5: ఎముక ఎక్కడుందో దొరకదు. తోక మొదలు కొవ్వులో పూడిపోతుంది. నడిస్తే రొమ్ము జలజలా ఊగుతుంది.

పోటీకి వెళ్లే గిత్త 3కీ 3.5కీ మధ్య ఉంటే చాలు. 4 దాటితే ఈ పద్ధతి మీకోసమే. (గుర్రాలకు వేరే కొలబద్ద ఉంది. 1983లో అమెరికాలోని టెక్సాస్‌లో తయారైన ఆ పద్ధతిలో తొమ్మిది మార్కులు. ఎవరైనా 5 మంచి మార్కు అన్నారంటే అది గుర్రం లెక్క, దాన్ని గిత్తకు వాడకండి.)

ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, కండను కొవ్వు అనుకోవడం. తొడల మీద, భుజాల మీద ఉన్న కండ నొక్కితే గట్టిగా ఉంటుంది, గిత్త అడుగు వేసినప్పుడు కదలిక తెలుస్తుంది. కొవ్వు మెత్తగా జారుతుంది. మూపురం పెద్దదిగా ఉండటం ఒక్కటే కొవ్వుకు గుర్తు కాదు. రెండోది ప్రమాదకరమైనది, నీరు పట్టిన వాపును కొవ్వు అనుకోవడం. రొమ్ము మీదో, దవడ కిందో బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట అలాగే ఉండిపోతే అది నీరు. కడుపులో జలగలు ఉన్నా, గుండెకు ఇబ్బంది వచ్చినా, ఇనుప తీగ ముక్కో ఇనుప మేకో మింగినా అలా అవుతుంది. అలాంటి గిత్తకు మేత తగ్గించడం కాదు, ఆ రోజే డాక్టరును పిలవాలి.

2. బరువు కట్టండి

గిత్తను చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా పెట్టించి నిలబెట్టండి. ముందుకాళ్ల వెనకగా, మూపురానికి వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత తీయండి. తర్వాత భుజం ముందు కొన నుంచి పిరుదు ఎముక కొన వరకు పొడవు కొలవండి. రెండూ అంగుళాల్లోనే ఉండాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 660తో భాగిస్తే కిలోలు వస్తాయి.

ఉదాహరణకు చుట్టుకొలత 80, పొడవు 62 అనుకోండి. 80 × 80 × 62 = 3,96,800. దాన్ని 660తో భాగిస్తే సుమారు 601 కిలోలు.

ఇది అంచనా మాత్రమే. అయినా ఒకే మనిషి, ఒకే చోట, పొద్దున మేత వేయకముందు కొలిస్తే హెచ్చుతగ్గులు సరిగ్గానే తెలుస్తాయి. అసలు బరువు కావాలంటే మనకు వేబ్రిడ్జిలకు కొదవ లేదు. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తూచే కాటాలు చాలా ఉన్నాయి. ముందు ఖాళీ బండి, తర్వాత గిత్తతో బండి తూపించండి. రెండుసార్లూ మనుషులు దిగిపోవాలి. లారీ కాటా చిన్న తేడాలు పట్టదు కాబట్టి నెలకోసారి చాలు.

3. వారం రోజులు తినేదంతా రాయండి

ఏమీ తగ్గించకుండా, ఇప్పుడు పెడుతున్నది పెడుతున్నట్టే తూచి రాయండి. దాణా ఎంతో అందరూ చెబుతారు. కుడితిలో కలిపిన తౌడు, మినప పొట్టు, నానబెట్టిన ఉలవలు, నాయనమ్మ అలవాటుగా పెట్టే బెల్లం ముక్క, సాయంత్రం చూడటానికి వచ్చిన బంధువులు తినిపించే అరటిపళ్లు మాత్రం లెక్కలోకి రావు. ఒక ఇంట్లో "నాలుగు కిలోలే అన్నా" అన్నారు. అన్నీ తూస్తే ఏడున్నర తేలింది.

4. దాణా మెల్లగా దించండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువ చెడగొట్టేదీ దీన్నే.

మొదటి వారంలో గుడ్లు, నెయ్యి, పాలు, బెల్లం, ఖర్జూరం లాంటివి ఒక్కొక్కటిగా ఆపేయండి. నెమరు వేసే పశువుకు వాటి అవసరమే లేదు. ఆ తర్వాత దాణాను నాలుగు రోజులకోసారి అర కిలో చొప్పున తగ్గించండి. ఎనిమిది కిలోలు తినే గిత్త రెండున్నరకు దిగడానికి నెలన్నర పడుతుంది. ముందుగా మొక్కజొన్న పిండి, నూకలు, జొన్న పిండి లాంటి గింజ సరుకు తగ్గించండి. వేరుశనగ చెక్కను మాత్రం పూర్తిగా తీసేయకండి. రోజుకు అర కిలో ఉంచితే కొవ్వు కరిగేటప్పుడు కండ పోకుండా ఉంటుంది. చెక్కకు బూజు పట్టి ఉంటే ఆ బస్తా పారేయండి, ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఉన్న దాణాను రెండు పూటలుగా కాకుండా మూడు పూటలుగా పెట్టండి. ఎండుమేత కాస్త తిన్నాకే పెట్టండి. ఖాళీ కడుపున గింజ ఎక్కువ పడితే పొట్టలో పులుపు పెరుగుతుంది, దాని వెంటే గిట్టల వాపు వస్తుంది.

600 కిలోల గిత్తకు తగ్గించే రోజుల్లో పెట్టాల్సింది ఇంచుమించు ఇది: జొన్న చొప్ప లేదా వరిగడ్డి 6 కిలోలు, పచ్చిమేత 20 కిలోలు, దాణా 2 నుంచి 2.5 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. తేమ తీసేసి లెక్కిస్తే 11, 12 కిలోల మేత అవుతుంది, అంటే బరువులో సుమారు రెండు శాతం. వారానికి మూడు నాలుగు కిలోల కంటే ఎక్కువ తగ్గితే తొందరపడుతున్నట్టే, దాణా ఒక మెట్టు వెనక్కి పెంచండి.

పాల పళ్ల కోడెలకు ఈ లెక్క వర్తించదు. అవి పెరిగే వయసులో ఉన్నవి, వాటి బరువు తగ్గించకూడదు. బరువు ఉన్నచోట నిలబెట్టి ఎత్తు పెరగనిస్తే ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుంది.

5. గాడి (మేత తొట్టి) ఖాళీగా ఉంచకండి

దాణా తగ్గిన గిత్త మొదటి పది రోజులు అరుస్తుంది, గాడిని నాకుతుంది. జాలేసి గుప్పెడు దాణా వేస్తే పది రోజుల పని పోతుంది. దానికి బదులు జొన్న చొప్ప వేయండి. నమలడానికి ఎక్కువసేపు పడుతుంది, పొట్ట నిండుతుంది. చొప్ప దొరక్కపోతే వరిగడ్డి పనికొస్తుంది. కానీ వరిగడ్డి ఒక్కటే పెడితే కండ కూడా తగ్గుతుంది. దానికి తోడుగా పిల్లిపెసర, అలసంద, దశరథ గడ్డి లాంటి పప్పుజాతి పచ్చిమేత నాలుగైదు కిలోలు ఉండాలి.

రెండు హెచ్చరికలు. పూత రాని లేత జొన్న, ముఖ్యంగా బెట్టకు వాడిన జొన్న, పెట్టకండి. అందులో ప్రాణం తీసే విషం ఉంటుంది. మన ప్రకాశం జిల్లాలో సుబాబుల్ తోటలు ఎక్కువ కాబట్టి చాలామంది ఆ ఆకు కోసుకొచ్చి పెడతారు. మేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలిపోతాయి. పోటీకి నెల ముందు తోక కుచ్చు ఊడిన గిత్తను ఎక్కడికి తీసుకెళ్తారు?

నీళ్లు మాత్రం ఎప్పుడూ తగ్గించకూడదు. ఎండాకాలంలో పెద్ద గిత్త రోజుకు 50 లీటర్లు దాటి తాగుతుంది.

6. నడిపించండి

పోటీ గిత్తల్లో చాలావాటికి కొట్టం గుంజే లోకం. మన ఒంగోలు జాతి ఇక్కడి గుండ్లకమ్మ, మూసీ నదుల ప్రాంతంలో నల్లరేగడి దున్ని, బరువు లాగి పేరు తెచ్చుకుంది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి బ్రెజిల్‌లో ఈ జాతిని ఇప్పటికీ 'నెలోర్' అనే పిలుస్తారు. ఎండకు తట్టుకుని, దొరికింది తిని, తిరిగి బతికే గుణం చూసి వాళ్లు దీన్ని అంతదూరం తీసుకెళ్లారు.

మొదటి వారం పొద్దున పదిహేను నిమిషాలు, మట్టి దారిలో. తర్వాత వారానికి పదేసి నిమిషాలు పెంచుతూ గంట వరకు తీసుకెళ్లండి. పొద్దున ఏడు లోపు లేదా సాయంత్రం ఐదున్నర తర్వాతే నడిపించండి. తారు రోడ్డు వద్దు, గిట్టలు అరుగుతాయి. కొత్తపట్నం తీరం దగ్గరున్నవాళ్లు ఇసుకలో నడిపిస్తుంటారు, మంచిదే. కానీ మెత్తటి ఇసుక బరువైన గిత్త కీళ్లకు భారం కాబట్టి నెల తర్వాతే, అలల పక్కన తడిసి గట్టిపడిన ఇసుకలో నడిపించండి. చెరువులో ఈత కొట్టించగలిగితే ఇంకా మేలు, కీళ్ల మీద భారం పడదు.

నడక ఆపాక డొక్కలు చూసి ఊపిరి లెక్కపెట్టండి. నీడలో నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 20 నుంచి 30 ఉంటుంది. నడిచి వచ్చిన పదిహేను నిమిషాల్లో మళ్లీ అక్కడికి రావాలి. రాకపోతే రేపు నడక సగానికి తగ్గించండి. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పితే వెంటనే నీడకు తీసుకెళ్లి ఒళ్లంతా నీళ్లు పోయండి, డాక్టరుకు ఫోన్ చేయండి.

బండలాగుడుకు వెళ్లే ఎడ్లకు ఈ నడక సరిపోదు, వాటి సాధన వేరు. కొవ్వు మీదున్న ఎద్దును తగ్గించకుండా బండకు కట్టడం మాత్రం దాని గుండెతో ఆడుకోవడమే.

7. పోటీ వారం

ఈ వారం మేతలో ఏ మార్పూ చేయకండి. మీ మేత, వీలైతే మీ ఊరి నీళ్లు వెంట తీసుకెళ్లండి. రాత్రి చల్లబడ్డాక బండి ఎక్కించండి.

ఎక్కువగా జరిగే తప్పులు

పోటీ పొద్దున పొట్ట నిండుగా కనబడాలని ఉప్పు కలిపిన కుడితి బలవంతంగా పట్టించడం నేను చాలాచోట్ల చూశాను. తల ఎత్తి పట్టి గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్క గుక్క తప్పు దారిలో వెళ్తే న్యుమోనియాతో పశువు చచ్చిపోవచ్చు. దయచేసి ఈ పని చేయకండి, చేసేవాళ్లను ఆపండి.

ఒళ్లు పెంచడానికైనా తగ్గించడానికైనా ఎవరో చెప్పిన ఇంజెక్షన్ చేయించడం రెండో తప్పు. మందు పేరు, మోతాదు డాక్టరు కాగితం మీద రాయకపోతే సూది వద్దు.

మూడోది పస్తు పెట్టడం. కొవ్వు పట్టిన పశువును ఉన్నట్టుండి పస్తు పెడితే ఒంట్లో కొవ్వంతా ఒక్కసారిగా కాలేయం మీద పడుతుంది. చూడి ఆవులకు, ఈనిన ఆవులకు ఇది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చూడి ఆవు ఒళ్లు చేసి ఉన్నా ఈనే దాకా తగ్గించే ప్రయత్నం చేయకండి, ఇంకా పెరగకుండా చూసుకోండి. పెయ్యల విషయంలో జాగ్రత్త ముందే పడాలి. ఎదకు రాకముందే అతిగా ఒళ్లు చేయిస్తే పొదుగులో పాల కణజాలం పెరగాల్సిన చోట కొవ్వు చేరుతుంది. ప్రదర్శనలో మెడల్ వచ్చిన పెయ్య రేపు దూడకు చాలినన్ని పాలు ఇవ్వకపోతే ఆ మెడల్ ఏం చేసుకుంటాం?

సరిగ్గా తగ్గుతోందా?

పదిహేను రోజులకోసారి అదే చోట, అదే వేళకు పక్క నుంచి, వెనక నుంచి ఫోటో తీయండి. తడిమిన మార్కు, ఛాతీ కొలత రాయండి. మొదటి నెలలో బరువు పెద్దగా మారకపోయినా టెన్షన్ పడకండి. ముందుగా తేడా తెలిసేది ఊపిరిలో, తర్వాత తోక మొదట్లో. పక్కటెముకలు చివరికి చేతికి అందుతాయి. ఐదు మార్కుల లెక్కలో ఒక్క మార్కు తగ్గడానికి మూడు నాలుగు నెలలు పట్టడం మామూలే.

పేడ రోజూ చూడండి. గట్టిగా ముద్దలా ఉండి, వేసిన చోట కుదురుగా నిలబడితే సరిగ్గా ఉన్నట్టు. పలచగా, పుల్లటి వాసనతో, నురగ బుడగలతో ఉంటే దాణా ఇంకా ఎక్కువగా ఉన్నట్టు. ఉండలు కట్టి ఎండినట్టుంటే నీళ్లు చాలట్లేదు. పడుకుని ఉన్నప్పుడు నెమరు వేస్తోందా చూడండి. ఒక్కో ముద్దను యాభై సార్లకు పైగా నమలాలి. వెంట్రుక మెరుపు తగ్గి, తొడల కండ లోపలికి పోతోందంటే మీరు కొవ్వుతో పాటు కండనూ తీస్తున్నారు. చెక్క, పప్పుజాతి మేత పెంచండి.

ఆబోతుగా వాడే గిత్త అయితే ఇంకో పరీక్ష ఉంది. వృషణాలు ఒంటి వేడి కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి. ఒళ్లు చేసిన గిత్తకు వృషణాల తిత్తి మెడ దగ్గర కొవ్వు చేరి ఆ చల్లదనం పోతుంది. "మంచి గిత్త, ప్రైజులు కొట్టింది, కానీ దాటించిన ఆవులు చూడి కట్టడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో ఇదీ ఒక కారణం. వెనక నుంచి చూస్తే తిత్తి మెడ సన్నగా ఉండి కింద నిండుగా వేలాడాలి. మెడ, కింది భాగం ఒకే మందాన ఉంటే కొవ్వు ఉన్నట్టు. ఒళ్లు తగ్గిన వెంటనే వీర్యం పరీక్ష చేయించి నిరాశపడకండి. కొత్త వీర్యం తయారవడానికి రెండు నెలలు పడుతుంది. తిత్తి మెడ సన్నబడ్డ రోజు నోట్‌బుక్‌లో రాసుకుని, అక్కడి నుంచి 60 రోజులు దాటాక పరీక్ష చేయించండి, అప్పటిదాకా ఆవులను వేరే ఆబోతుకు కట్టండి.